లాంగ్ బెల్ మోగాక ఏం చెప్పాలి?

బడిలో ఆపద వచ్చినప్పుడు హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) తన స్టాఫ్‌కు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎవరి నోట చెప్పించాలి? కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. అడిగినవారి పేర్లు, బడుల పేర్లు వేయలేదు.

ప్రశ్న: మాది ఉన్నత పాఠశాల. నాతో కలిపి 11 మంది టీచర్లం, 260 మంది పిల్లలు. మధ్యాహ్న భోజనం తిన్న కాసేపటికి పిల్లలకు వాంతులు మొదలైతే 108కి ఫోన్ చేయాలని తెలుసు. కానీ బండి వచ్చేలోపు ఆ పదిహేను నిమిషాల్లో స్టాఫ్‌తో ఏం మాట్లాడాలి? ట్రైనింగుల్లో ఎవరూ చెప్పలేదు.
– ప్రధానోపాధ్యాయురాలు, ఆదోని

జవాబు: ముందు పని చెప్పండి మేడం, కారణం జోలికి పోవద్దు. "అన్నం చెడిపోయినట్టుంది" అని మీ నోటి నుంచి ఒక్క మాట జారితే అది గేటు దాటి ఊళ్లోకి పోయి "గుడ్డులో విషమంట" అయి తిరిగొస్తుంది. అది తిండి వల్ల వచ్చిందా, ఎండ వల్లా, ఒకరిని చూసి ఒకరు భయపడి కక్కుకున్నారా అన్నది తేల్చాల్సింది డాక్టరు. మీ కళ్లకు కనిపిస్తున్నది వాంతులు. అంతవరకే చెప్పండి.

మొదటి కబురు ఇంత ఉంటే చాలు:

"టైము 1.20. భోజనం చేసిన పిల్లల్లో 14 మందికి వాంతులు. 108 బండి బయలుదేరింది. కారణం ఇంకా తెలియదు. వడ్డన ఆపేశాం. మిగిలిన అన్నం, కూర పారబోయొద్దు, గిన్నెలు కడగొద్దు. క్లాస్ టీచర్లు గది వదలకుండా పిల్లల్ని లెక్కపెట్టండి. కొత్తగా ఎవరికి కడుపునొప్పి, వాంతి వచ్చినా ఆ పిల్లల్ని వరండాలో ఉన్న సైన్స్ మేడం దగ్గరికి పంపి, పేరు, టైము చీటీ మీద రాసివ్వండి. మళ్లీ 1.40కి చెబుతాను."

టైము ఎందుకంటే, గంట తిరిగేసరికి ఆసుపత్రి వాళ్ల దగ్గర ఒక అంకె, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఒకటి, విలేకరుల దగ్గర ఇంకొకటి ఉంటాయి. 14, 23, 31. పక్కన టైము లేకపోతే హెచ్‌ఎం నిజం దాస్తున్నారని చూసేవాళ్లకు అనిపిస్తుంది. "1.20కి 14, 1.40కి 23" అని ఉంటే సంఖ్య పెరుగుతోందని ఎవరికైనా అర్థమవుతుంది.

గిన్నెల సంగతి వంట చేసే అక్కలకు అందరికంటే ముందు, మీరే దగ్గరికి వెళ్లి చెప్పాలి. కంగారులో వాళ్ల చేతులు ముందుగా చేసే పని పాత్రలు తోమేయడం. రోజూ చేసే పని కాబట్టి చేస్తారు. తోమేశాక పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు, వాళ్ల తప్పు లేదని తేల్చగలిగిన ఆధారం కూడా అందులోనే పోతుంది. "మీ మంచికే చెబుతున్నా, ఏదీ ముట్టుకోవద్దు" అని మెత్తగా చెప్పండి. అందరి ముందూ వాళ్ల మీద అరిస్తే ఆ తర్వాత వాళ్ల దగ్గరి నుంచి మీకు ఒక్క నిజం రాదు.

"మళ్లీ 1.40కి చెబుతాను" అన్న వాక్యాన్ని ఎంత తొందరలోనైనా వదలకండి. అది లేకపోతే పది మంది టీచర్లూ ఒకరి తర్వాత ఒకరు "ఏమైంది మేడం" అంటూ ఆఫీసు గదికి వస్తారు, తరగతులు ఖాళీ అవుతాయి. ఒకసారి టైము చెప్పాక దాన్ని నిలబెట్టుకోవాలి. 1.40కి కొత్త సంగతేమీ లేకపోయినా "కొత్తది లేదు, 2.00కి చెబుతాను" అనాలి.

మీ పది మందిని ఇలా పంచవచ్చు. ఐదుగురు తరగతి గదుల్లో. ఇద్దరు ఆసుపత్రికి పిల్లల వెంట, మొదటి బండిలో ఒకరు, రెండో బండిలో ఒకరు. గేటు దగ్గర ఒకరు, ఇంటివాళ్లకు ఫోన్లు చేయడానికి ఒకరు, జాబితా రాయడానికి ఒకరు. మీ చేతికి మాత్రం ఏ పనీ పెట్టుకోవద్దు, అందరూ వెతికేది మిమ్మల్నే. జాబితా ఒక్కటే ఉండాలి, ఒక్కరే రాయాలి. పేరు, తరగతి, ఎప్పుడు తిన్నారు, వాంతి ఎప్పుడు మొదలైంది, ఏ బండిలో ఏ ఆసుపత్రికి పంపాం, వెంట ఎవరు, ఇంటికి చెప్పామా. తినడానికీ వాంతికీ మధ్య ఎంతసేపన్నది డాక్టరుకు పనికొచ్చే సమాచారం. కొన్ని రకాల బ్యాక్టీరియా విషాలు అరగంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులు తెప్పిస్తాయి, మరికొన్ని మర్నాటికి గానీ బయటపడవు. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం ఎవరూ చేయొద్దని కూడా స్టాఫ్‌కు ముందే చెప్పి ఉంచండి.

కబురు పైనుంచి కిందికి పోతే సరిపోదు. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంటామె ముందే చెప్పినా పట్టించుకోలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. వడ్డించే ముందు టీచరు రుచి చూడాలన్న నిబంధన ఉంది. దానితోపాటు, "ఏదైనా తేడా అనిపిస్తే నన్ను అడగకుండానే వడ్డన ఆపండి, ఆపినందుకు మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు" అని వంట చేసేవాళ్లకు జూన్‌లో బడి తెరిచిన రోజే చెప్పాలి. చెప్పాక, ఎప్పుడైనా వాళ్లు అనవసరంగా ఆపినా చిరాకుపడకూడదు.

ప్రశ్న: మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో 46 మంది. శుభోదయం బొమ్మల మధ్య ముఖ్యమైన మెసేజ్ కొట్టుకుపోతోంది. నీలం టిక్కులు చూసి అందరికీ చేరిందనుకుంటే ఇద్దరు ముగ్గురికి అసలు తెలియడం లేదు.
– ప్రైవేటు పాఠశాల ప్రిన్సిపల్, ప్రొద్దుటూరు

జవాబు: అత్యవసరానికి వేరే గ్రూపు పెట్టండి. అందులో అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా సెట్టింగు మార్చండి. అడ్మిన్లు ముగ్గురు ఉండాలి, ఒకరి ఫోన్ పనిచేయకపోతే ఇంకొకరు. ఆ గ్రూపుకు వేరే రింగ్‌టోన్ పెట్టుకోమనండి. అందులో పండుగ శుభాకాంక్షలు, జీతాల సంగతులు, ఫంక్షన్ ఫొటోలు ఒక్కటి కూడా పడకూడదు. నెలల తరబడి మూగగా ఉన్న గ్రూపు ఒకరోజు మోగితేనే అందరూ తీసి చూస్తారు.

నీలం టిక్కు మెసేజ్ తెరిచినట్టు చెబుతుందే తప్ప, చదివి అర్థం చేసుకున్నట్టు కాదు. 46 మందిని ఆరేడుగురి చొప్పున ఏడు జట్లు చేసి, జట్టుకో బాధ్యుడిని పెట్టండి. మెసేజ్ అందినవారు తమ బాధ్యుడికి "అందింది" అని పంపాలి. పది నిమిషాల్లో రానివారికి బాధ్యుడు ఫోన్ చేయాలి. ఏడుగురు బాధ్యులు మీకు "అందరికీ అందింది" అనో, "ఫలానా ఒక్కరు దొరకలేదు" అనో చెబుతారు. మీకు అప్పుడు వచ్చేవి 46 జవాబులు కాదు, ఏడు.

తరగతిలో ఫోన్ వాడకూడదన్న నియమం ప్రభుత్వ బడుల్లో ఉంది, మీ దగ్గరా ఉండే ఉంటుంది. కాబట్టి బడి వేళల్లో వాట్సాప్‌ను నమ్ముకోవద్దు. పాత పద్ధతే నయం: మడిచిన చీటీ, కింద సంతకం, టైము. ఒకే రాత రెండు కాగితాల మీద రాసి, ఇద్దరు అటెండర్లు భవనం రెండు చివరల నుంచి మొదలుపెడితే సగం సమయంలో పని అయిపోతుంది. చీటీని టీచరు మనసులో చదువుకోవాలి, పిల్లల ముందు పైకి చదవకూడదు. ఈ చిన్న సంగతి ముందు చెప్పకపోతే ఎవరో ఒకరు తప్పక పైకి చదువుతారు.

ఇక ఆ గ్రూపులో లేనివాళ్లు. వ్యాన్ డ్రైవర్లు, ఆయాలు, వాచ్‌మన్, ఊడ్చే అమ్మ. తల్లిదండ్రులు గేటు దగ్గర ముందు అడిగేది ప్రిన్సిపల్‌ను కాదు, వీళ్లనే. టీచర్లకు చెప్పిన మాటే వీళ్లకూ చెప్పాలి, అదే గంటలో, మనిషి నోటితో. చదువు రానివారికి వాయిస్ మెసేజ్ పంపితే సరిపోదు. అది విన్నారో లేదో తెలియదు, ఎదురు ప్రశ్న అడిగే వీలూ ఉండదు. నేరుగా ఫోన్ చేయండి.

మెసేజ్ ఫోన్ తెర మీద ఒక్క చూపులో కనబడేంత ఉండాలి, అంటే ఆరేడు లైన్లు. "స్టాఫ్‌కు మాత్రమే" అని పైన రాయండి, కానీ ఊరంతా చదువుతుందనుకునే రాయండి. తప్పు పడితే డిలీట్ చేయకండి. "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న గీత చూడగానే ఏదో దాస్తున్నారనుకుంటారు. "1.40 మెసేజ్‌లో 23 అన్నాను. సరైన సంఖ్య 21. ఇద్దరి పేర్లు రెండుసార్లు పడ్డాయి" అని కింద రాయండి. ఇలా దిద్దుకున్న ప్రిన్సిపల్ మాట తర్వాతిసారి ఇంకా ఎక్కువ నమ్ముతారు.

ప్రశ్న: 2009 వరద నాటి సంగతులు మా పెద్ద టీచర్లు ఇప్పటికీ చెబుతుంటారు. వాన రాత్రిపూట వచ్చి, బడి తాళం వేసి ఉంటే స్టాఫ్‌కు కబురు ఎలా?
– హెచ్‌ఎం, కర్నూలు

జవాబు: సరైన చోట పట్టుకున్నారు. 2009లో తుంగభద్ర, హంద్రీ కర్నూలు ఊళ్లోకి వచ్చింది అక్టోబర్ 2న. గాంధీ జయంతి, బడికి సెలవు. కడప వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021 నవంబర్ 19 తెల్లవారుజామున. రెండుసార్లూ గంట కొట్టడానికి బడిలో ఎవరూ లేరు. స్టాఫ్ ఫోన్ నంబర్ల కాగితం ఆఫీసు బీరువాలోనే ఉంటే బీరువాతో పాటు అదీ తడిసిపోతుంది.

ఫోన్ల గొలుసు తయారు చేసుకోండి. స్టాఫ్ 24 మంది అనుకుందాం. మీరు నలుగురికి చేస్తారు. ఆ నలుగురూ తలా ఐదుగురికి చేస్తారు. మొత్తం 24. ప్రతి ఐదుగురిలో చివరి వ్యక్తి మీకు తిరిగి ఫోన్ చేసి, తాను విన్న మాటను మీకే అప్పజెప్పాలి. అప్పుడు రెండు సంగతులు తెలుస్తాయి: గొలుసు తెగలేదని, మాట మారలేదని. ఆ నలుగురిలో ప్రతి ఒక్కరికీ మారుమనిషి ఉండాలి. మీకు కూడా.

కాగితం మీద ఒక్కొక్కరికి రాసుకోవాల్సినవి: సొంత నంబరు, ఇంట్లో ఇంకొకరి నంబరు, ఉంటున్న ఊరు, బడికి వచ్చే దారిలో దాటాల్సిన వంక. ఈ చివరిది ఎక్కువ జాబితాల్లో ఉండదు. కర్నూలులో కాపురముండి పల్లె బడికి బండి మీద పోయే టీచర్లకు ప్రాణాపాయం బడిలో లేదు, ఆ వంక దగ్గరే ఉంది. కాగితాన్ని లామినేషన్ చేయించి ఒకటి మీ ఇంట్లో, ఒకటి అసిస్టెంట్ దగ్గర, ఒకటి వాచ్‌మన్ ఇంట్లో పెట్టండి. వాన రాత్రి నెట్ పనిచేయకపోయినా చాలాసార్లు మామూలు ఎస్‌ఎంఎస్ పోతుంది. అందుకని మెసేజ్‌ను అటు కూడా వేయండి.

ఆ రాత్రి పంపే మాటలో ఐదు ప్రశ్నలకు జవాబుండాలి. రేపు బడి ఉందా? ఆ నిర్ణయం ఎవరిది? ఎవరు రాకూడదు? హాజరు ఏమవుతుంది? మళ్లీ ఎప్పుడు చెబుతారు? ఉదాహరణకు:

"రాత్రి 9.30. రేపు సెలవని కలెక్టర్ ప్రకటన ఇంకా రాలేదు. వంక దాటి రావాల్సినవాళ్లు బయలుదేరవద్దు, ఇది నా మాట, పుస్తకంలో రాశాను. హాజరు సంగతి ఎంఈవో గారితో నేను మాట్లాడతాను. దగ్గర్లో ఉన్న ఇద్దరం బడికి వెళతాం. ఉదయం 6.00కి మళ్లీ చెబుతాను."

"హాజరు సంగతి నేను మాట్లాడతాను" అన్న వాక్యం రాయని హెచ్‌ఎం "జాగ్రత్తగా రండి" అని రాస్తారు. ముఖ హాజరు యాప్‌లో టైము దాటిపోతుందన్న భయంతో టీచరు నీళ్లలో బండి దింపుతారు. వేగంగా పారే నీరు అరడుగు ఉన్నా మనిషి కాళ్లు జారతాయి, అడుగు ఉంటే చిన్న కారును కూడా లాగేస్తుంది. "జాగ్రత్తగా రండి" అనకండి. "రావద్దు" అనండి, ఆ మాటకు మీరు బాధ్యత తీసుకోండి.

బడి పునరావాస కేంద్రం అయితే అర్ధరాత్రి వీఆర్‌ఓ (గ్రామ రెవెన్యూ అధికారి) తాళం అడుగుతారు. తాళం ఎవరి దగ్గరుందో, ఏ గదులు ఇవ్వొచ్చో, రికార్డుల గది ఎవరు చూసుకుంటారో అదే కాగితం వెనక రాసి పెట్టండి. గొలుసును ఏడాదికి రెండుసార్లు నిజంగా నడిపి చూడండి: జూన్‌లో బడి తెరిచాక ఒకసారి, ఈశాన్య రుతుపవనాలకు ముందు సెప్టెంబర్ చివర ఒకసారి. మొదటిసారి నడిపినప్పుడు మూడు నాలుగు నంబర్లు పాతవని తేలకుండా ఉండదు.

ప్రశ్న: ఏ ఆపదకైనా లాంగ్ బెల్ ఒక్కటే కొడుతున్నాం. సరిపోతుందా?
– పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు), గుత్తి

జవాబు: సరిపోదు. "బయటికి రండి", "లోపలే ఉండండి" అన్నవి రెండు వ్యతిరేకమైన ఆదేశాలు. నిప్పు, గోడ పగులు అయితే బయటికి. పిడుగులు, తేనెటీగలు, ఆవరణలోకి వచ్చిన పిచ్చికుక్క అయితే లోపలికి. ఆగకుండా కొడితే బయటికి, మూడు మూడుగా ఆగి ఆగి కొడితే లోపలే, తలుపులు మూసుకోవాలి. రెండు గుర్తులు చాలు, మూడోది పెడితే ఆ క్షణాన ఎవరికీ గుర్తుండదు. కంచు గంటను మాత్రం తీసేయకండి. వంటగదిలో గ్యాస్ లీకైతే కరెంటు బెల్ నొక్కకూడదు, లైటు స్విచ్ వేయకూడదు, ఉన్నది ఆర్పకూడదు. చిన్న నిప్పురవ్వ చాలు. 2004 జులై 16న కుంభకోణం బడి మంటల్లో 94 మంది పిల్లలు పోయారు. ఆ మంటలు వంటశాల వైపు నుంచే వచ్చాయి.

ప్రశ్న: మా పదో తరగతి పిల్లవాడు ఇంట్లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆదివారం రాత్రి తెలిసింది. సోమవారం ప్రేయర్‌లో మైకులో చెప్పి రెండు నిమిషాలు మౌనం పాటించాం. తర్వాత తరగతుల్లో పరిస్థితి మా చేయి దాటింది. ఎక్కడ తప్పు చేశాం?
– ఉపాధ్యాయిని, గుంతకల్లు

జవాబు: ఆ ఉదయం మీరంతా ఎలా నిలబడ్డారో ఊహించగలం. తప్పని అనలేం, మనకు తెలిసిన పద్ధతి అదే కాబట్టి అదే చేస్తాం. కానీ మైకు దగ్గరే చిక్కు మొదలైంది. టీచర్లు, పిల్లలు ఒకే క్షణంలో విన్నారు. పిల్లలను పట్టుకోవాల్సినవాళ్లు తామే కూలిపోతూ ఉన్నారు.

ఇలాంటప్పుడు హెచ్‌ఎం ముందుగా ఆ కుటుంబంతో మాట్లాడి, జరిగింది నిజమని తెలుసుకుని, బయట ఎంతవరకు చెప్పవచ్చో అడగాలి. ఆత్మహత్య అన్న మాట వాళ్లు వద్దంటే "చనిపోయాడు" అనే చెప్పాలి. ఆ రాత్రే ఫోన్ల గొలుసు ద్వారా స్టాఫ్‌కు తెలపాలి, "రేపు 20 నిమిషాలు ముందు రండి" అనాలి. ఆ క్లాస్ టీచరుకు మాత్రం హెచ్‌ఎం స్వయంగా ఫోన్ చేయాలి. ఆమెకు ఈ సంగతి గ్రూపు మెసేజ్‌లో తెలియకూడదు.

ఉదయం స్టాఫ్ సమావేశంలో నాలుగు వాక్యాల కాగితం అందరికీ ఇవ్వాలి. ప్రేయర్‌లో కాదు, ఎవరి తరగతిలో వాళ్లు, ఒకే సమయంలో, అవే మాటలు చదవాలి. "మన పదో తరగతి విద్యార్థి నిన్న చనిపోయాడు. ఈ వార్త మనందరికీ చాలా బాధ. ఏడుపు వస్తే ఏడవచ్చు, మాట్లాడాలనిపిస్తే ఈ రోజంతా నేను ఇక్కడే ఉంటాను. మీలో ఎవరికైనా బతుకు భారంగా అనిపిస్తే నాకు గానీ, 14416కు గానీ చెప్పండి." 14416 ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు, పగలూ రాత్రీ పలుకుతుంది. చదవలేనని ఏ టీచరైనా అంటే బలవంతం వద్దు, ఇంకొకరు చదవాలి.

ఎలా చనిపోయాడు, ఎక్కడ, ఏం రాసిపెట్టాడు అన్నవి స్టాఫ్ రూములో కూడా మాట్లాడవద్దని స్పష్టంగా చెప్పాలి. కారణం కూడా చెప్పాలి: పద్ధతి వివరాలు చెవిన పడితే అప్పటికే బాధలో ఉన్న ఇంకో బిడ్డకు అది దారి చూపుతుంది. "మార్కుల వల్ల", "తిట్టినందుకు" అని ఒకే కారణానికి ముడిపెట్టడం కూడా అలాగే ప్రమాదం. అది నిజం కాకపోవచ్చు, ఎవరో ఒక టీచరు మెడకు జీవితాంతం చుట్టుకోవచ్చు.

ఆ రోజు అతను కూర్చునే చోటు ఖాళీగానే ఉంచండి, వెంటనే బెంచీ తీసేయకండి. అతని దగ్గరి స్నేహితులు, ఈమధ్య గొడవపడినవాళ్లు, ఇంతకుముందు చనిపోతానని అన్న పిల్లలు, వీళ్ల పేర్లు టీచర్లంతా కలిసి ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరికి ఒక్కో పెద్దను కేటాయించుకోవాలి. కనీసం నాలుగు వారాలు ఆ చూపు తగ్గకూడదు. సాయంత్రం మళ్లీ 15 నిమిషాలు స్టాఫ్ కూర్చోవాలి. ఆ సమావేశంలో పిల్లల గురించి మాట్లాడాక, "మీరెలా ఉన్నారు" అని టీచర్లను అడగాలి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. మీ బడిలో ఇప్పటికే కొన్ని రోజులు గడిచి ఉంటే ఆ కాగితం పని, ఈ సాయంత్రం సమావేశం ఇవాళైనా మొదలుపెట్టవచ్చు, ఆలస్యమేమీ కాలేదు.

ప్రశ్న: ఒక ఉపాధ్యాయుడు తనతో తప్పుగా ప్రవర్తించాడని విద్యార్థిని టీచరుకు చెప్పింది. మేనేజ్‌మెంట్ వాళ్లు ముందు లోపల విచారణ చేద్దాం, స్టాఫ్‌కు తెలియనివ్వద్దు అంటున్నారు.
– వైస్ ప్రిన్సిపల్, కడప

జవాబు: విచారణ మీ పని కాదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం విషయం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద శిక్ష ఉంది. తన కింద పనిచేసే వ్యక్తి నేరాన్ని దాచిన సంస్థ బాధ్యుడికైతే ఏడాది దాకా జైలు. ఈరోజే ఫిర్యాదు ఇవ్వండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పండి. పాప చెప్పింది ఒకరు విన్నారు కదా, ఇంకెవరూ ఆమెను కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చెప్పించకూడదు.

స్టాఫ్‌కు ఏమీ తెలియనివ్వకపోవడం జరగని పని. పోలీసులు గేటు దగ్గరికి వచ్చాక అందరికీ తెలుస్తుంది. ముందే మూడు మాటలు చెప్పండి: ఒక విషయంపై చట్టప్రకారం ఫిర్యాదు చేశాం. ఒకరు విధుల్లో లేరు, వారి తరగతులు ఫలానావారు తీసుకుంటారు. పిల్లల పేరు, తరగతి, ఊరు ఊహించి మాట్లాడటం కూడా నేరం కిందికి రావచ్చు, ఎవరూ మాట్లాడొద్దు. అంతకుమించి వివరం వద్దు. "ఆయన అలాంటివాడు కాదు" అని స్టాఫ్ రూములో కొందరు అంటారు. ఆ మాట పాప చెవిన పడితే ఇంకెప్పుడూ ఏ పిల్లా నోరు తెరవదు. అందుకే ఆయన పక్షం, పాప పక్షం అన్న చర్చే బడి లోపల జరగకూడదని ప్రిన్సిపల్ గట్టిగా చెప్పాలి.

ప్రశ్న: ఏదైనా జరిగితే విలేకరులు నేరుగా టీచర్లకు ఫోన్ చేస్తున్నారు. మాట్లాడొద్దని హెచ్‌ఎం హెచ్చరించారు. నోరు మూసుకుని నిలబడితే తప్పు చేసినట్టు ఉంటోంది.
– స్కూల్ అసిస్టెంట్, అనంతపురం

జవాబు: మాట్లాడొద్దని చెబితే చాలదు, ఏం అనాలో హెచ్‌ఎం మీ చేతికివ్వాలి. "పిల్లల్ని చూసుకుంటున్నాం. వివరాలు హెచ్‌ఎం గారు 4 గంటలకు గేటు దగ్గర చెబుతారు." ఈ రెండు వాక్యాలు అటెండరు నుంచి అసిస్టెంట్ దాకా అందరి నోటా ఒకేలా రావాలి. నాలుగు గంటలకు హెచ్‌ఎం నిజంగా గేటు దగ్గర ఉండాలి. తల్లిదండ్రులకు, విలేకరులకు చెప్పబోయేది పది నిమిషాల ముందు స్టాఫ్‌కు చెప్పాలి. తమ బడి సంగతి టీవీ స్క్రోలింగులో చదివిన టీచరు ఆ తర్వాత హెచ్‌ఎం మాట నమ్మడం కష్టం.

ప్రశ్న: మా బడిలో ఇద్దరమే టీచర్లం, 31 మంది పిల్లలు. ఒక్కోరోజు నేనొక్కదాన్నే. ఈ జట్లు, గొలుసులు మాకేం పనికొస్తాయి?
– ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు), బద్వేలు

జవాబు: మీకు స్టాఫ్ బడి బయట ఉన్నారు. వంటామె, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, సచివాలయంలో ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త), బడి కమిటీ చైర్మన్, బడి పక్క ఇంట్లో పగలు ఉండే పెద్దమనిషి. ఈ ఆరుగురినీ ఒకరోజు బడికి పిలిచి టీ ఇచ్చి, ఒక్కొక్కరికి ఒకే పని చెప్పండి. ఏఎన్‌ఎం, ఆశా పిల్లల్ని చూడాలి. అంగన్‌వాడీ టీచరు బాగున్న పిల్లలను తన దగ్గర కూర్చోబెట్టుకోవాలి. చైర్మన్ గేటు చూసుకోవాలి. పక్కింటి పెద్దమనిషి 108కి దారి చూపడానికి రోడ్డు మీద నిలబడాలి. పల్లెల్లో బండి వచ్చి కూడా బడి ఏదో తెలియక తిరగడం మామూలే. గంట ఆగకుండా కొడితే వీళ్లంతా వస్తారన్నది ముందే అనుకున్న గుర్తు. మీరు పిల్లలను వదిలి ఎక్కడికీ పోవద్దు. ఫోన్ మీ చేతిలో, చాక్‌పీసుతో గోడ మీద నంబర్లు: 108, 112 (అత్యవసరం), 101 (ఫైర్), 1098, ఎంఈవో, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం).

ప్రశ్న: మా హెచ్‌ఎం సారు మంచివారే కానీ ఏదైనా జరిగితే తలుపు వేసుకుని ఫోన్లలో ఉంటారు. మాకేమీ చెప్పరు. అంతా అయ్యాక మీటింగ్ పెట్టి "ఎవరిది తప్పు" అని మొదలుపెడతారు.
– ఉపాధ్యాయుడు, తాడిపత్రి

జవాబు: పైఅధికారుల ఫోన్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే హెచ్‌ఎంకు బయటికి రావడానికి తీరికుండదు. ఆయనకు ఆ తీరిక మీరు కల్పించవచ్చు. మీలో సీనియర్ ఒకరు చీటీ మీద కబురు రాసి లోపలికి పంపండి: "సార్, స్టాఫ్‌కు ఇది చెబుతున్నాం, సరేనా?" కింద రెండు మూడు వాక్యాలు. ఖాళీ కాగితం మీద రాయమంటే రాయలేని మనిషి కూడా రాసింది చూసి ఒక మాట కొట్టేసి సంతకం పెట్టగలరు. అధికారుల ఫోన్లు ఎత్తే పని ఇంకొకరు తీసుకుంటామని అడగండి.

మీటింగ్ సంగతి మామూలు రోజున, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడండి. సంఘటన జరిగిన రెండు రోజుల్లోపు కూర్చోవాలి, ఆ తర్వాతైతే ఎవరికి అనుకూలంగా వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. మొదట బోర్డు మీద టైములు మాత్రమే రాయాలి: 1.10కి ఎవరు చూశారు, 1.15కి ఎవరికి చెప్పారు, 1.20కి ఏ గదికి కబురు అందలేదు. అటెండరు, వంటామె, వాచ్‌మన్ కూడా ఆ గదిలో, కుర్చీల్లో కూర్చుని ఉండాలి, వాళ్లను ముందు మాట్లాడించాలి. టైముల పట్టిక పూర్తయితే కబురు ఎక్కడ ఆగిందో అందరికీ కనబడుతుంది. ఎక్కువసార్లు ఆగేది మనిషి దగ్గర కాదు, లేని చీటీ దగ్గర, పాత నంబరు దగ్గర, మోగని బెల్ దగ్గర. నిజంగా ఒకరి నిర్లక్ష్యం ఉంటే దానికి వేరే గది, వేరే రోజు, వేరే కాగితం. రెండూ ఒకే మీటింగులో కలిపితే మొదటి ఐదు నిమిషాల తర్వాత ఎవరూ నిజం చెప్పరు.

ఈసారి మీటింగ్ నోటీసు వచ్చినప్పుడు ఆ టైముల పట్టికను మీరే ఒక చార్టు మీద గీసి, గడులు ఖాళీగా ఉంచి, ఆయన టేబుల్ మీద పెట్టి చూడండి.